సగం కొండ ఎక్కిన బాబాయి

మొన్న ఆదివారం మధ్యాహ్నం పిన్ని గుడివాడ నుంచి ఫోను చేసింది. గొంతు గట్టిగానే ఉంది. "మీ బాబాయి వెళ్ళిపోయారయ్యా" అంది. ఎవరిదో పెళ్ళికి వెళ్ళారట. భోజనం సగంలో ఉండగా, ఇంకా పెరుగు కూడా రాకముందే లేచి చెయ్యి కడుక్కుని, "ఇంటికి పోదాం పదవే" అన్నారట. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్నారట. పిన్ని మంచినీళ్ళు పట్టుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

ఏమీ అనుకోకండి, ఆ కబురు విన్నాక నా నోట్లోంచి మొదట వచ్చిన మాట "హమ్మయ్య". అన్నాక నాలుక కరుచుకున్నాను. పిన్ని మాత్రం "అవునయ్యా, నేనూ అదే అనుకున్నా" అంది. ఆయనకు ఆస్పత్రి మంచమంటే మహా బెంగ. ముక్కులో గొట్టం పెట్టి నెలల తరబడి పడుకోబెడతారేమోనని చుట్టపుచూపుగా వచ్చిన ప్రతి డాక్టరునూ అడిగేవారు. ఆ అవస్థ ఏదీ లేకుండా, తనకు అలవాటైన పద్ధతిలోనే మధ్యలో లేచి వెళ్ళిపోయారు. నాకు ఏడుపు సాయంత్రం వచ్చింది, అది వేరే సంగతి.

బాబాయి అంటున్నాను గాని ఆయనకూ నాకూ చుట్టరికం ఏమీ లేదు. ఆయనది కృష్ణా జిల్లా, మాది అమలాపురం దగ్గర పల్లె. తొంభైల మొదట్లో నేను ఖతార్‌లో ఒక ఇంజనీరింగు ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరినప్పుడు, పక్క బల్ల ఆయనది. దోహాలో బిన్ మహమూద్ పేటలో వాళ్ళు ఉండే బిల్డింగులోనే పై అంతస్తులో నాకొక గది కూడా ఆయనే చూసిపెట్టారు. పెళ్ళి చేసుకుని మా ఆవిడను తీసుకొచ్చాక ఆ గది కాస్తా ఫ్లాటైంది, ఆయన బాబాయి, వాళ్ళావిడ పిన్ని అయ్యారు. అక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా తెలుగు క్రైస్తవుల ప్రార్థన ఆ రోజే, వాళ్ళింట్లోనే. ప్రార్థన అయ్యాక భోజనం కూడా వాళ్ళింట్లోనే, కాబట్టి ఎవరూ ప్రార్థన ఎగ్గొట్టేవారు కాదు.

ఆయనలో ఒక గుణం గురించి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఏ పని మొదలుపెట్టడానికైనా ఆయనకు సిగ్గుండేది కాదు. మధ్యలో వదిలెయ్యడానికి అంతకన్నా ఉండేది కాదు. గిటారు నేర్చుకుంటానని ముషైరిబ్ బజారులో కొనుక్కొచ్చి, ఒకటిన్నర పాట నేర్చుకుని, పక్కింటి కేరళ కుర్రాడికి ఇచ్చేశారు. క్రిస్మస్ పాటల్లో గొంతు కలిపి, పల్లవి పైస్థాయికి వెళ్ళేసరికి అందరూ పాడుతుంటే తాను కుర్చీలో కూర్చునేవారు. "అది నా సుతి కాదురా" అనేవారు. సినిమాకు వెళ్తే విశ్రాంతి దాకా ఉండి, నచ్చకపోతే లేచేవారు. కారు ఆయనదే కాబట్టి మేము కూడా లేవాల్సి వచ్చేది. ఆఖరుకి హీరో బతికాడో లేదో తెలియని సినిమాలు నాకు ఇప్పటికీ చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా పెద్ద ముచ్చట ఆయన మొదటిసారి వెళ్ళిన డ్రైవింగు పరీక్షది. పక్కన పోలీసు కూర్చుని ఉండగా రౌండెబౌటు దగ్గరకు వచ్చి, నాలుగు వైపుల నుంచీ వచ్చే బళ్ళను చూసి, కారు పక్కకు తీసి ఆపి, తాళాలు అతని చేతికిచ్చి, "సర్, టుడే నాట్ రెడీ" అని దిగిపోయారట. ఆ పోలీసు తన ఉద్యోగంలో అలాంటి అభ్యర్థిని చూడలేదని నవ్వి, టీ తాగించి పంపాడట. వెనకాల మేమంతా ఆయన్ని 'సగం బాబాయి' అనుకునేవాళ్ళం. ఆ పేరు తనకు తెలుసునని ఒకరోజు ఆయనే చెప్పారు. "మిగతా సగం మీ పిన్ని పూర్తి చేస్తుందిలే" అన్నారు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు ఇది వింత గుణం. అక్కడ మేమెవరమూ దేన్నీ మధ్యలో వదిలేవాళ్ళం కాదు. తిట్టే బాసును వదల్లేం, ఎండను వదల్లేం, నచ్చని రూంమేటును కూడా వదల్లేం. వదిలితే ఊళ్ళో ఏమనుకుంటారోనని భయం. అందుకేనేమో ఆయన పక్కన కూర్చుంటే కిటికీ తెరిచినట్టు ఉండేది.

ఇప్పుడు కొండ సంగతికి వస్తాను. మా ఆఫీసు పెద్ద ఇంజనీరు ఆస్ట్రియా మనిషి. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టు నడిచేవాడు. ఆయనకు ఎడారిలో బతుకుతూ మంచు పిచ్చి. ప్రతి వసంతంలోనూ సెలవు పెట్టుకుని మంచుకొండలకు వెళ్ళేవాడు. స్కీ అంటే సినిమాల్లో చూసినట్టు కుర్చీలో పైకి వెళ్ళి సర్రున జారి దిగడమే అనుకునేవాణ్ణి నేను. ఈయనది ఆ రకం కాదు. ఆ పొడుగు చెక్కలు కాళ్ళకు తగిలించుకుని, జనం తిరగని లోయల్లో గంటల తరబడి నడిచి ఎక్కాలి. ఎక్కాల్సినంతా ఎక్కాక ఒక్కసారి జారి దిగాలి. ఇంత కష్టం ఎందుకని బాబాయి అడిగితే, ఆయన నవ్వి, "నువ్వు ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. బాబాయి వెంటనే "వస్తాను సార్" అన్నారు.

ఆ ఏడాది ఈద్ మార్చి చివర్లో వచ్చింది. ఇంజనీరుతో ప్రతిసారీ వెళ్ళే స్నేహితుడికి కాలు బెణికింది. అలాంటి చోట్లకు ఒంటరిగా వెళ్ళకూడదట. లెబనాన్‌లో అప్పటికి యుద్ధం ముగిసి కొండలకు మళ్ళీ మనుషులు వెళ్తున్నారు. ఖర్చు తనదే, ఈద్ సెలవుల్లో వెళ్ళి వచ్చేద్దామన్నాడు. బాబాయి సరేనన్నారు. నేను కూడా సరేనన్నాను గాని నా లెక్క వేరు. ఆ వేసవికి ఆఫీసులో సగం మందిని తగ్గిస్తారని గట్టిగా వినిపిస్తోంది. నా కాంట్రాక్టు అప్పుడే అయిపోతోంది. ఎవరిని ఉంచాలో చెప్పేది ఈ ఇంజనీరే. మా ఆవిడకు ఏడో నెల. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, నిండు మనిషిని వెంటబెట్టుకుని సామాను సర్దుకోవాలి. ఆయన వెంట కొండెక్కితే నన్ను గుర్తుపెట్టుకుంటాడు కదా అని నా ఆశ. ఆ మాట బాబాయితో తప్ప ఎవరితోనూ అనలేదు. ఆయన "కొండెక్కితే ఉద్యోగం ఉంచుతారట్రా? అలాగైతే మేకలన్నిటికీ ఉద్యోగాలుండాలి" అన్నారు.

ఇంజనీరు తన పాత స్కీలు రెండు జతలు మాకిచ్చి, బూట్లతో నడవడం అలవాటు చేసుకోమని చెప్పి, ఏదో పనిమీద తన దేశం వెళ్ళాడు. స్కీలతోపాటు రెండు జతల పొడుగాటి పట్టీలు కూడా ఇచ్చాడు. అసలు కథ వాటిదే. పట్టీకి ఒక వైపు కురచ వెంట్రుకలు, రెండో వైపు జిగురు. జిగురు వైపు స్కీ అడుగున అంటిస్తే, వెంట్రుకలు వెనక్కి పడుకుని ఉంటాయి కాబట్టి కాలు ముందుకు జారుతుంది, వెనక్కి జారదు. అలా ఎంత ఏటవాలైనా నడిచి ఎక్కొచ్చు. పైకి వెళ్ళాక వాటిని పీకి మడిచి సంచిలో పెట్టుకుని జారుతూ దిగాలి.

బూట్లతో ఇంట్లో నడిస్తే కింది అంతస్తువాళ్ళు తలుపు కొట్టారు. దాంతో బాబాయికి ఉపాయం తట్టింది. "మంచైతేనేం, ఇసుకైతేనేం, దిబ్బ దిబ్బే కదా" అన్నారు. శుక్రవారం భోజనాలయ్యాక పికప్‌లో ఉమ్ సయీద్ దాటి ఇసుక దిబ్బల దగ్గరకు వెళ్ళాం. పట్టీలు అంటించి ఎక్కడం మొదలుపెట్టాం. నిజంగానే ఎక్కుతున్నాం! చెమటలు కారుతున్నాయి, ఇసుక బూట్లలోకి పోతోంది, బాబాయి మాత్రం చిన్నపిల్లాడిలా కేకలు పెడుతున్నారు. ల్యాండ్‌క్రూజరులో పోతున్న ఖతారీ కుర్రాళ్ళు ఆగి, దిగి, మమ్మల్ని పైనుంచి కిందికి చూశారు.

"యా సదీఖ్, వేన్ తల్జ్?" అని అడిగాడొకడు. మంచు ఎక్కడుంది స్నేహితుడా అని.

"బుక్రా, బుక్రా!" అన్నారు బాబాయి. రేపొస్తుంది అని. ఆ కుర్రాళ్ళు నవ్వలేక బండిని పట్టుకున్నారు.

రెండు శుక్రవారాలు అలా ఎక్కాం. పీకి మడిచినప్పుడల్లా పట్టీల జిగురు నిండా ఇసుక. చూస్తే గరుకు కాయితంలా ఉన్నాయి. ఇంజనీరు వస్తువు మాసిపోయిందని బాబాయి బాధపడి, మేడమీద బకెట్టులో బట్టల సబ్బుపొడి కలిపి వాటిని నానబెట్టారు. పిన్ని చీర కుచ్చెళ్ళు ఎగదోపి బ్రష్షుతో ఇసుక రేణువు లేకుండా తోమింది. తర్వాత దుప్పట్ల పక్కన తీగ మీద ఆరేసి క్లిప్పులు పెట్టింది. దోహా ఎండకు సాయంత్రానికల్లా ఆరి కొత్తవాటిలా మెరిశాయి. ముగ్గురమూ మెచ్చుకున్నాం. ఆ జిగురే అసలు ప్రాణమని, దాన్ని సబ్బుతో తోమకూడదని మాలో ఎవరికి తెలుసు?

ఇంజనీరు తిరిగి రాగానే, మా ఆవిణ్ణి పిన్ని దగ్గర వదిలి, బేరూత్ చేరి, అక్కడినుంచి కొండల్లో ఒక ఊళ్ళో చిన్న బసకు వెళ్ళాం. మొదటి రెండు రోజులూ ఊరి పక్క చిన్న వాలులో ఇంజనీరు మాకు పడటం, లేవడం, ఆగడం నేర్పాడు. బాబాయి మొదటిది త్వరగా నేర్చుకున్నారు. సాయంత్రం పొయ్యి దగ్గర కూర్చోబెట్టి వసంతకాలపు మంచు గురించి చెప్పాడు. రాత్రి చలికి అది గట్టిపడుతుంది. తెల్లవారకముందే బయలుదేరి ఆ గట్టి మంచు మీద ఎక్కాలి. ఎండ ముదిరితే మెత్తబడుతుంది. మెత్తబడ్డ మంచు ఏటవాలులో నిలవదు, ఒక్కసారిగా జారితే కింద ఉన్నవాళ్ళను కప్పేస్తుంది. అందుకని కాలు పిక్క దాకా దిగిందంటే ఇంక ఇంటిదారి పట్టాల్సిందే అన్నాడు. మేము బుద్ధిగా విన్నాం.

మూడో రోజు చీకటితోనే బయలుదేరాం. ఆ లోయలో మంచు తెల్లగా లేదు. తెల్లవారేముందు నీలంగా, సూర్యుడు వచ్చేటప్పుడు లేత గులాబీగా ఉంది. నేను ఉద్యోగం సంగతి కాసేపు మరిచిపోయాను. మా ముగ్గురి అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. అంతలో బాబాయి ఎడమ పట్టీ ఊడి వెనక పాములా వేలాడింది. అంటించారు. పది అడుగులు వేశారో లేదో నాదీ ఊడింది. ఇంజనీరు వచ్చి జిగురు మీద వేలు రాసి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. సబ్బు వాసన.

"వాషింగ్ పౌడర్, సార్" అన్నారు బాబాయి ఏమాత్రం దాచకుండా. "ఇసుక పట్టిందని ఉతికాం. మా ఆవిడ బాగా ఉతుకుతుంది."

ఆ మనిషి ముందు తిడతాడనుకున్నాను. మంచులో కూలబడి కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. బాబాయి సంచిలోంచి నైలాన్ తాడు తీశారు. ఊరికి వెళ్ళేటప్పుడు అట్టపెట్టెలు కట్టడానికి దోహాలో నజ్మా బజారులో కొనే తాడు. ఏ ప్రయాణమైనా అది లేకుండా ఆయన గడప దాటేవారు కాదు. అట్టపెట్టెకు కట్టినట్టే స్కీ చుట్టూ అడ్డదిడ్డంగా బిగించి పట్టీలు నిలబెట్టారు. ఊడలేదు గాని తాడు ముళ్ళు మంచుకు రాసుకుని కాలు ముందుకు జారడం లేదు. గంటలో ఎక్కాల్సింది రెండు గంటలు పట్టింది. ఎండ వచ్చేసింది, కోటు విప్పాం.

ఆఖరి వాలు దగ్గరకు వచ్చేసరికి మంచు చెరుకు పిప్పిలా ఉంది. దాని పైనే మేము చేరాల్సిన కనుమ, పిలిస్తే పలికేంత దూరంలో. కనుమ ఎక్కితే అవతల సముద్రం కనిపిస్తుందట. ఇంజనీరు తన కర్ర గుచ్చి చూశాడు. పిడి దాకా దిగిపోయింది. కాలు దించితే పిక్క దాటింది. ఆయనకు తెలియక కాదు, మొన్న సాయంత్రం మాకు చెప్పింది ఆయనే. కానీ ఏడాదంతా ఎడారిలో దీనికోసం ఎదురుచూసిన మనిషి. పైకి చూస్తూ, "ఒక్కొక్కరం దూరం దూరంగా, త్వరగా దాటేద్దాం" అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు.

నేను తల ఊపాను. భయపడుతూనే ఊపాను. ఆయన ఎదురుగా వెనక్కి తిరిగిన మనిషిగా ఉండదలుచుకోలేదు. మా ఆవిడ, పుట్టబోయే బిడ్డ, వీసా, అన్నీ ఆ కనుమ పైనే ఉన్నాయనిపించింది.

బాబాయి మంచులో చతికిలబడి, తాపీగా తాడు ముళ్ళు విప్పుకుంటున్నారు.

"సార్, నాకు భయంగా ఉంది. నేను దిగిపోతాను" అన్నారు ఇంగ్లీషులో. తర్వాత నాతో తెలుగులో, "నువ్వు కూడా రా అబ్బాయ్. ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. మీ ఆవిడ అక్కడ దారి చూస్తా కూచునుంటది" అన్నారు.

"బహుశా ఏమీ కాదు" అన్నాడు ఇంజనీరు.

"కాకపోవచ్చు సార్. మంచు సంగతి మీకు తెలుసు, నాకేం తెలీదు. నా సంగతి నేను చెబుతున్నా."

అంత మామూలుగా ఎవరైనా తన భయాన్ని చెప్పుకోవడం నేను అప్పటిదాకా చూడలేదు. గొంతులో వణుకు లేదు, తప్పు చేసినట్టు నవ్వడం లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పారు. నా తల ఊపడం ఆగిపోయింది. "నేను కూడా దిగుతాను సార్" అన్నాను. ఇంజనీరు కనుమ వైపు చాలాసేపు చూశాడు. అప్పుడు వంగి తన పట్టీలు పీకి, మడిచి, కోటులో పెట్టుకున్నాడు. ముగ్గురం వచ్చాం, ముగ్గురం వెళ్దాం అన్నాడు.

దిగడం ఒక పెద్ద తమాషా. ఇంజనీరు కొంగలా వంపులు తిరుగుతూ దిగి, ప్రతి మలుపులోనూ మాకోసం ఆగేవాడు. నేను పడుతూ లేస్తూ దిగాను. బాబాయి నాలుగు వాలుల తర్వాత స్కీలు విప్పి తాడుతో కట్టి చంకలో పెట్టుకుని, మిగతా కొండంతా కూర్చునే జారారు. ప్యాంటు చిరిగింది. కిందికి వచ్చేసరికి ఆయన ముఖం చూడాల్సింది.

బసకు చేరాక ఇంజనీరు దుర్భిణి పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. ఆ వాలు జారుతుందేమోనని సాయంత్రం దాకా చూశాడు. జారలేదు. మర్నాడు పొద్దున కూడా అలాగే చక్కగా ఉంది. నాకు లోలోపల మనసు పీకింది. దాటేసి ఉంటే దాటేసేవాళ్ళమే కదా, అనవసరంగా ఆయన సరదా పాడుచేశామే అని. బాబాయి బస యజమాని ఇచ్చిన రొట్టెలో చీజు పెట్టుకుని తింటూ, "జారకపోతే మరీ మంచిదిరా. తినలేనంత వడ్డించుకోవడం తప్పు కాదు, సిగ్గుపడి తినెయ్యడం తప్పు" అన్నారు.

ఇక ఆగలేక ఇంజనీరునే అడిగేశాను, నా కాంట్రాక్టు ఏమవుతుందని. ఆయన దుర్భిణి దించి నన్ను వింతగా చూశాడు. "అదా? సెలవులకు ముందే నిన్ను ఉంచమని చెప్పేశానే. నీకెవరూ చెప్పలేదా?" అన్నాడు. అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. నాకు అప్పటికే ఉన్నదాని కోసం ఎక్కడికి ఎక్కబోయాను! బాబాయి నా వీపు మీద ఒకటి చరిచి, మిగిలిన రొట్టె నా చేతిలో పెట్టారు.

తర్వాత ఆ ఇంజనీరు మరో రెండు వసంతాలు ఆయన్ని పిలిచాడు. నా కొండ అయిపోయింది సార్ అని బాబాయి వెళ్ళలేదు. ఆ తొంభైల చివర్లోనే, ఇంకా వీసా ఉండగా, మంచి జీతం వస్తుండగా, ఒక శుక్రవారం భోజనాల దగ్గర "ఇంక చాలు, మేం వెళ్ళిపోతున్నాం" అన్నారు. అందరూ పిచ్చి పని అన్నారు. ఆయన గుడివాడలో రెండు గదుల ఇంట్లో, పిన్నితో రోజూ తగువులాడుకుంటూ, నాకు తెలిసినవాళ్ళందరిలోకీ హాయిగా బతికారు. నేను కూడా కొన్నాళ్ళకు వచ్చేశాను. ఎందుకు వచ్చేశావని అడిగినవాళ్ళకు సంజాయిషీ చెప్పుకోవాలని నాకు అనిపించలేదంటే అది ఆయన చలవే. ఇన్నేళ్ళుగా ఎన్నో బల్లల ముందు, ఎందరో పెద్దమనుషుల ఎదుట, నా సంగతి నేను చెబుతున్నా అనగలిగాను. ఆయనకు నేను ఎప్పుడూ కృతజ్ఞత చెప్పలేదు. చెబితే వినకుండా మధ్యలో లేచిపోయేవారు.

పిన్ని ఫోను పెట్టేసినప్పటి నుంచీ నాకు ఒకటే కనిపిస్తోంది. మేము లెబనాన్ నుంచి దిగిన రోజు దోహా విమానాశ్రయం. ఈద్ సెలవుల జనం, ట్రాలీల రద్దీ. కటకటాల అవతల పిన్ని, ఆమె భుజం పట్టుకుని మా ఆవిడ. ఆ కొండల నుంచి ఫోను చెయ్యడానికి వీలు లేకపోయింది, నాలుగు రోజులుగా మా సంగతి వాళ్ళకు ఏమీ తెలియదు. బాబాయి ఎండకు తోలూడిన ముక్కుతో, చిరిగిన ప్యాంటు మీద ఇంజనీరు ఇచ్చిన పొడుగు కోటు వేసుకుని, అంత దూరం నుంచే, ఇంకా తొడుగులు తియ్యని రెండు చేతులూ పైకెత్తారు.

"ఎక్కలేదే! ఎక్కలేదు!" అని అరిచారు, పతకం గెలిచినవాడిలా. చుట్టూ ఉన్నవాళ్ళంతా తిరిగి చూశారు.

ఆయన దగ్గరకు రాగానే పిన్ని ఆ తొడుగులు లాగేసి, చలికి వేళ్ళు పోతాయని ఎవరో చెప్పారేమో, ఒక్కో వేలూ పట్టుకుని నొక్కి చూసింది. అన్నీ ఉన్నాయి. తర్వాత నా చేతులు కూడా తీసుకుని అలాగే చూసింది. చూసి, ఆ రెండు చేతులనూ తీసుకెళ్ళి మా ఆవిడ పొట్ట మీద పెట్టింది. లోపల బిడ్డ తన్నుతోంది.